ఏబదియేండ్ల లేవీయుడు, అరువదియేండ్ల ఆచార్యుడు

సంఖ్యాకాండము ఎనిమిదవ అధ్యాయము చివర నాలుగు చిన్న వచనములు గలవు. ప్రసంగమునకు వాటిని ఎత్తుకొనువారు అరుదు. లేవీయుడు ఇరువదియైదేండ్ల యీడున ప్రత్యక్షపు గుడారము సేవలో ప్రవేశింపవలెననియు, ఏబదియేండ్లు నిండినప్పుడు ఆ పని మానుకొనవలెననియు అక్కడి నియమము. అంతటితో ఆగియుండినయెడల అది సర్కారు ఉత్తర్వువలెనే యుండెడిది. కాని అక్కడ ఆగలేదు. పని మానినవాడు తన యింటికి పోయి కూర్చుండుమని చెప్పక, గుడారమునొద్దనే తన సహోదరులతో కూడ నుండి కాపుదల విషయములో వారికి తోడుపడవలెననియు, సేవ మాత్రము చేయరాదనియు ఆ నియమము చెప్పుచున్నది. పని తీసివేయబడినది గాని చోటు తీసివేయబడలేదు.

ఈ మాసము మేము ఈ వచనములను ఎత్తుకొనుటకు కారణము హైదరాబాదు పట్టణములోని కొన్ని వీధులు. మన గ్రామసంఘముల బిడ్డలు డిగ్రీ చదువు ముగించి, సర్కారు ఉద్యోగముల పరీక్షలు వ్రాయుటకై అశోక్ నగర్, చిక్కడపల్లి ప్రాంతములకు పోయి ఏండ్ల తరబడి అద్దె గదులలో నివసించుచున్నారు. అక్కడికి నడచిపోదగినంత దూరములో నారాయణగూడ, బషీర్‌బాగ్. ఆ చుట్టుప్రక్కల ముప్పదియేండ్లు కళాశాలలలో పాఠములు చెప్పి విరమించిన పెద్దలు కాపురమున్నారు. ఈ పిల్లలకు ఆ పెద్దలెవరో తెలియదు, ఆ పెద్దలకు ఈ పిల్లలెవరో తెలియదు. ఇందుమూలముగా మాకు ఒక ప్రశ్న కలిగినది. ఉద్యోగమునుండి విడుదల పొందిన విద్యావంతునికి ఇంకను ఏమైన బాధ్యత గలదా? కలదన్నచో అది ఎవరికి, ఏ హక్కునుబట్టి?

మొదట, లేవీయునికి ఏబదియేండ్ల హద్దు ఎందుకు పెట్టబడెనో ఆలోచింపుడు. అరణ్యములో గుడారమును విప్పుట, మోయుట, మరల నిలువబెట్టుట వారి పని. గెర్షోనీయులకు రెండు బండ్లు, మెరారీయులకు నాలుగు బండ్లు ఇయ్యబడినవి. కహాతీయులకు బండి యియ్యలేదు. పరిశుద్ధ వస్తువులను వారు భుజములమీదనే మోయవలెను. కావడి మోసినవారికిని, ధాన్యపు బస్తా ఎత్తినవారికిని ఏబది దాటిన భుజము ఏమగునో మేము చెప్పనక్కరలేదు. కాబట్టి ఆ హద్దు అవమానము కాదు, భుజముమీద కనికరము. అయితే విద్య భుజముమీద మోయు సరకు కాదు. అరువదియేండ్లు నిండిన దినమున ఆచార్యుని చేతినుండి హాజరు పుస్తకము పోవును, శాఖాధిపతి కుర్చీ పోవును. నిన్నటివరకు తెలిసిన వ్యాకరణమో గణితమో తెల్లవారేసరికి తెలియకుండ పోవునా?

బషీర్‌బాగ్ పేరు మన చదువరులలో అనేకులు వినియుందురు గాని, చదువు చరిత్రలో దాని స్థానము కొందరికే తెలియును. నిజాం కళాశాల 1887లో అక్కడ ఏర్పడెను. అరువదియేండ్లు మద్రాసు విశ్వవిద్యాలయమునకు అనుబంధముగా నుండి, 1947లో ఉస్మానియాలో చేరెను. 1918లో స్థాపింపబడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము సహితము తన మొదటి పాఠములను ఆ ప్రాంతములోని భవనములలోనే, నిజాం కళాశాల చెంతనే మొదలుపెట్టెను. ఇప్పుడు మనము ఫొటోలలో చూచు రాతి ఆర్ట్స్ కళాశాల భవనము 1939లో గాని తెరువబడలేదు. విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర కళాశాల ఒకటి నేటికిని బషీర్‌బాగ్‌లోనే యున్నది. కనుక చదువు చెప్పి అలసినవారు ఆ వీధులలో నడచుట నూరేండ్లుగా జరుగుచున్నది.

విరమించినవారి దినచర్య సామాన్యముగా అందరికి తెలిసినదే. ఉదయము ఇందిరా పార్కులో నడక, పిమ్మట వార్తాపత్రిక, సాయంకాలము ఓపిక యున్నచో చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో ఒక సభయో కచేరియో. ఇది తప్పని ఎవరనగలరు? ముప్పదియేండ్లు గంట కొట్టగానే లేచినవాడు, గంట లేని ఉదయమును అనుభవించుట న్యాయమే. కొందరు అంతటితో నిలువక, ఉద్యోగములో తీరిక దొరకని పెద్ద పనిని విరమణానంతరము ముగింతురు. భద్రిరాజు కృష్ణమూర్తిగారు ఉస్మానియాలో భాషాశాస్త్రము బోధించి, 1986 మొదలు 1993 వరకు హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులుగా నుండిరి. ద్రావిడ భాషలన్నిటిని గూర్చిన వారి పెద్ద గ్రంథము 2003లో, వారు డెబ్బది దాటిన తరువాత, కేంబ్రిడ్జినుండి వెలువడెను. వీరే పూర్వము మన రైతులు నాగలి భాగములకు, దుక్కికి, పంటకు వాడు మాటలను జిల్లాలవారీగా ఏర్చి 1962లో మాండలిక పదకోశముగా కూర్చిరి. పల్లెవాని నోటి మాటకు విశ్వవిద్యాలయములో గౌరవము దొరకుట అప్పటికి చిన్న సంగతి కాదు. అటు ఆంధ్ర విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్రము బోధించిన చిలుకూరి శాంతమ్మగారు 1989లో విరమించి, తొంబది దాటిన తరువాత కూడ రెండు చేతికర్రల ఊతముతో విజయనగరము ప్రాంతపు సెంచూరియన్ విశ్వవిద్యాలయమునకు పోయి తరగతిలో పాఠము చెప్పిరి.

అయితే ఇట్టి పేర్లను కొరడాగా చేసికొని తక్కినవారిని కొట్టరాదు. కీళ్లవాతముతో మెట్లు దిగలేని ఆచార్యురాలిని, భార్యకు మందులిచ్చుటతోనే దినము గడచిపోవు ఉపన్యాసకుని చూచి, శాంతమ్మగారిని చూడుడని చెప్పుట క్రూరత్వము. తొంబదియేట బోధించుట ఒకరికి కలిగిన బలము. అది అందరికి పెట్టదగిన ధర్మశాస్త్రము కాదు.

ఇక పింఛను సంగతి. గ్రామములలో ఈ మాట ఎత్తగానే ఒక గొణుగుడు వినబడును. కూలివానికి విరమణ యెక్కడిది, నడుము వంగినదాక వరి నాటుటయే గదా, తెలంగాణలో వృద్ధుల పింఛను 2019లో పెంచిన తరువాత 2,016 రూపాయలు, ఆచార్యునికో కడపటి జీతములో సగము, అట్టివారిని గూర్చి మనము చింతపడనేల అని అందురు. ఈ గొణుగుడులో న్యాయము లేకపోలేదు. మన కూలివారి ముసలితనమునకు ఈ దేశము ఇయ్యవలసినంత ఇచ్చుట లేదనుట సత్యము. అయినను ఒకనికి తక్కువ దొరకినందున మరియొకనికి దొరకినది దోపిడి కానేరదు. నకారా అను విరమించిన ఉద్యోగి వేసిన వ్యాజ్యములో 1982 డిసెంబరు 17వ తేదీన సుప్రీముకోర్టు ధర్మాసనము ఈ సంగతిని తేటపరచెను. పింఛను యజమాని దయపెట్టి యిచ్చు బహుమానము కాదనియు, చేసిన పనికి రావలసిన హక్కనియు ఆ తీర్పు సారాంశము. అందుచేతనే డిసెంబరు 17ను పింఛనుదారులు తమ దినముగా ఆచరించుచున్నారు.

ఆచార్యులందరు దీనిలో పాలివారనియు తలంపరాదు. 2004 సెప్టెంబరు తరువాత సర్కారు ఉద్యోగములలో చేరినవారికి పాత పింఛను లేదు. జీతములోనుండి కొంత, సర్కారు కొంత వేసిన నిధినిబట్టి వచ్చునదే వారికి దిక్కు. ఇక కాంట్రాక్టు పద్ధతిమీదను, గంటల లెక్కనను అవే తరగతులలో అవే పాఠములు చెప్పి తల నెరిసినవారికి ఆ పాత పింఛను ఏనాడును లేదు. ఒకే బల్లయొద్ద నిలిచి బోధించిన ఇద్దరిలో ఒకడు నిశ్చింతగాను, ఒకడు ట్యూషనులు వెదకుకొనుచును ముసలివాడగుచున్నాడు. విరమణానంతర సేవను గూర్చి మాటలాడు వారెవరైనను ఈ రెండవవానిని మరచి మాటలాడరాదు. వానినుండి ఉచిత సేవ కోరుటకు ముందు, వాని యింట పొయ్యి వెలుగుచున్నదా అని అడుగవలెను.

పింఛను హక్కయినచో ఒక సంగతి స్పష్టమగుచున్నది. దానికి బదులుగా పని కోరుటకు ఎవరికిని అధికారము లేదు. ప్రజల సొమ్ము తినుచున్నారు గనుక ప్రజలకు సేవ చేయవలెనను వాదము నిలువదు. చేసిన పనికి వచ్చిన కూలిని చూపి మరల పని అడుగువాడు యాకోబు విషయములో లాబాను చేసినట్లు చేయుచున్నాడు. మరి ఋణము కానిచో ఆ బాధ్యత యేమి?

మాకు తోచునదేమనగా, పింఛనులోని ముఖ్యమైన మేలు రూపాయలలో లేదు. తీసికొనువాడు ఇక ఎవరి ముఖము చూడనక్కరలేదు, అదియే దానిలోని మేలు. ఉద్యోగములో నున్న ఆచార్యుడు పై అధికారిని, పదోన్నతిని, తోడివారి కక్షలను లెక్కలో పెట్టుకొని మాటలాడును. పాఠము అమ్ముకొనువాడు రుసుమును లెక్కలో పెట్టుకొనును. విరమించినవానికి అమ్మవలసిన సరకు లేదు, కాపాడుకొనవలసిన కుర్చీ లేదు. వాని మాట స్వతంత్రమైనది. గుడారమునొద్ద కావలియున్న ఏబదియేండ్ల లేవీయుడు బరువు మోయనందుననే నిమ్మళముగా నిలిచి నలుదిక్కుల చూడగలడు. మోయుచున్నవానికి తన కాలిముందరి రాయి తప్ప మరేదియు కనబడదు.

ఈ స్వతంత్రమైన మాట అవసరమైన చోటు అశోక్ నగర్. అక్కడి స్థితి తల్లిదండ్రులకు పూర్తిగా తెలియదని మా అనుమానము. తెల్లవారకముందే చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునొద్ద చోటు కొరకు నిలువబడుట, ఒక గదిలో నలుగురైదుగురు, నగరపాలక సంస్థవారు 5 రూపాయలకు పెట్టు భోజనము, పండుగకు ఇంటికి పోయిన ఏమి చెప్పుకొనవలెనని పోకుండుట. తెలంగాణలో గ్రూప్-1 పరీక్ష సంగతి చూడుడు. 2022 ఏప్రిలులో 503 ఉద్యోగములకు ప్రకటన వచ్చెను. అక్టోబరులో ప్రిలిమ్స్ వ్రాసిరి. ప్రశ్నపత్రము బయటికి పొక్కినందున 2023 మార్చిలో అది రద్దాయెను. జూన్‌లో మరల వ్రాసిరి. సెప్టెంబరులో హైకోర్టు దానినిని రద్దు చేసెను. 2024 ఫిబ్రవరిలో 563 ఉద్యోగములకు క్రొత్త ప్రకటన, జూన్‌లో మూడవసారి ప్రిలిమ్స్, అక్టోబరులో వీధులలో ఆందోళనల నడుమ మెయిన్స్. ఆ పిమ్మట వ్యవహారము తిరిగి కోర్టుల కెక్కెను. పొలము కుదువబెట్టి పంపిన బిడ్డ ఈ రెండున్నర సంవత్సరములలో ఒకే వాకిట మూడుసార్లు నిలువబడినాడు. వానిలో చదువు లోపమే యున్నదని మనము గ్రామములో కూర్చుండి తీర్పు తీర్చరాదు.

ఇట్టి బిడ్డకు వ్యాసము దిద్దువారు కావలెను, నిజమే. ఆంగ్ల వాక్యము సరిచేయుటకు, రాజ్యాంగమును బట్టీ పెట్టక గ్రహించుటకు విరమించిన ఆచార్యుడు వారమునకు రెండు గంటలిచ్చిన అది గొప్ప మేలు. కాని అంతకంటె కష్టమైన మేలు ఒకటి కలదు. నాలుగేండ్లు, ఆరేండ్లు ప్రయత్నించినవానితో ఇక చాలు నాయనా, నీకు ఇంకొక దారి మంచిదని ఎవరు చెప్పుదురు? శిక్షణ కేంద్రమువారు చెప్పరు, మరుసటి సంవత్సరపు రుసుము పోవును. గదిలోని స్నేహితుడు చెప్పడు, ఆ మాట తనకును తగులును. తల్లిదండ్రులకు చెప్పుటకు తెలియదు. పాస్టరుకు వాని సామర్థ్యము తెలియదు గనుక, ప్రార్థించెదమని మాత్రము చెప్పును. వేలకొలది ఉత్తరపత్రములు చూచిన కండ్లు, వాని వ్రాతను చదివి, నీవు ఇంకొక్కసారి వ్రాయదగినవాడవనియో, ఊరికి పోయి బడిపంతులు పని చూచుకొనుట మేలనియో నిష్కపటముగా చెప్పగలవు. ఆ మాటవలన చెప్పినవానికి ఒక్క పైసా లాభము లేదు, నష్టము లేదు. అందుచేత ఆ బిడ్డ దానిని నమ్మగలడు.

విశ్వవిద్యాలయముల వైపు కూడ ఒక చూపు చూడవలెను. 2025 జనవరి చివర తెలంగాణ ప్రభుత్వము విశ్వవిద్యాలయ ఆచార్యుల విరమణ వయస్సును 60 నుండి 65 కు పెంచెను. ఖాళీలు ఎక్కువైనవి, పరిశోధన విద్యార్థులకు మార్గదర్శకులు లేరు అనునది కారణము. డాక్టరేటు పొంది ఉద్యోగము కొరకు కనిపెట్టుకొనియున్న యువకులు దీనిని వ్యతిరేకించిరి. మేము ఇక్కడ ప్రభుత్వమునకు తీర్పు చెప్పబోము. ఖాళీ కుర్చీలు పూరింపక ముసలివారిచేతనే బండి లాగించుట రోగము కుదుర్చుట కాదని మాత్రము అందుము. లేవీయుని నియమములో సూక్ష్మము ఇక్కడనే యున్నది. సహోదరులతో ఉండుము, కాని వారి పని పట్టుకొని కూర్చుండకుము. అనుభవము అవసరమే, అయితే అది కుర్చీ ఖాళీ చేసిన తరువాతను ప్రక్కన నిలువగలదు.

ప్రక్కన నిలుచుట ఎట్టిదో గిలాదీయుడైన బర్జిల్లయిని చూచి నేర్చుకొనవచ్చును. దావీదు పారిపోవుచున్న దినములలో అతడు రాజును పోషించెను. రాజు తిరిగి సింహాసనమునకు పోవునప్పుడు, నాతోకూడ యెరూషలేమునకు రమ్మని పిలిచెను. అప్పటికి బర్జిల్లయికి ఎనుబదియేండ్లు. రుచి తెలియుట లేదు, పాట వినబడుట లేదు, నేను నీకు భారమగుటయెందుకు, నా ఊరిలో నా తలిదండ్రుల సమాధియొద్ద చనిపోనిమ్మని వినయముతో చెప్పి, తనకు బదులుగా కింహాము అను యువకుని రాజుచేతికి అప్పగించెను. ఇందులో రెండు సంగతులు గలవు. విశ్రాంతి కోరుట అతనికి హక్కు, దానిని అతడు సిగ్గుపడక వాడుకొనెను. రాజుతో తనకున్న పరిచయమును మాత్రము వ్యర్థముగా పోనియ్యక, దానిని చిన్నవానికి ఇచ్చెను. ఇది నేటి సిఫారసువంటిది కాదా అని ఎవరైన అడుగవచ్చును. కాదు. సిఫారసు చేయువాడు వేరొకనికి రావలసినదానిని ఇప్పించును, బర్జిల్లయి తనకు వచ్చినదానిని ఇచ్చివేసెను. నాలుగు వందల సంవత్సరముల తరువాత యిర్మీయా గ్రంథములో, బేత్లెహేమునొద్ద గెరూతు కింహాము అను ఒక చోటి పేరు కనబడును. ఆ పేరు ఈ యువకునిదేయని పండితులు కొందరు తలంతురు.

పశ్చిమ దేశములలో వేరొక ఏర్పాటు గలదు. 1973లో ఫ్రాన్సు దేశపు తులూజ్ నగరములో వృద్ధుల కొరకు మూడవ వయస్సు విశ్వవిద్యాలయము అను పేరున తరగతులు ప్రారంభమాయెను. 1980ల ఆరంభములో అది బ్రిటనుకు వచ్చి, అక్కడ విరమించినవారే ఒకరికొకరు బోధించుకొను పద్ధతిగా మారెను. జీతగాడు లేడు, పరీక్ష లేదు. మంచిదే. ఒంటరితనమునకు అది ఔషధము, మన పట్టణములలోను ఉండదగినది. అయితే పెద్దలు పెద్దలతోనే కూర్చుండినచో కింహాము వీధిలోనే మిగిలిపోవును.

ఈ సహవాసము ఒక్క వైపునుండియే కాదు. పింఛనుదారుడు ఏటేట తాను బ్రదికియున్నానని రుజువు చూపవలెను. పూర్వము కాగితముమీద సంతకము చాలెడిది. 2014 నవంబరులో జీవన్ ప్రమాణ్ అను ఎలక్ట్రానిక్ పద్ధతి వచ్చినది. వ్రేలిముద్రయో ముఖమో యంత్రము గుర్తింపవలెను. ముసలి వ్రేళ్ల గీతలు అరిగిపోయి యంత్రము గుర్తింపనప్పుడు, మూడు పట్టాలున్న ఆచార్యుడు చేతిలో ఫోను పట్టుకొని తెల్లబోవును. ఆచార్యుని విధవరాలు కుటుంబ పింఛను కొరకు ఏ కార్యాలయమునకు ఏ కాగితము తీసికొనిపోవలెనో తెలియక కూర్చుండును. మన పిల్లవానికి అది అరగంట పని. ఆ అరగంటలో దిద్దవలసిన వ్యాసము ఆమె చేతిలోనో ఆయన చేతిలోనో పెట్టవచ్చును గదా. దీనికి సంస్థ అక్కరలేదు, రిజిస్ట్రేషను అక్కరలేదు. తలుపు తట్టు ధైర్యము కావలెను.

ఆ ధైర్యము మన పిల్లలకు లేదు. దానికి మన పెంపకము కొంత కారణము. పెద్ద చదువువానిని చూచిన చేతులు కట్టుకొని దూరముగా నిలువవలెనని నేర్పితిమి. సంఘములుగా మనము చేయునదియు వేరే రీతిగా లేదు. విరమించిన ప్రొఫెసరుగారు ఊరికి వచ్చిరని తెలిసినంతనే కోత పండుగకు ముఖ్య అతిథిగా పిలిచి, దండ వేసి, శాలువ కప్పి, గుడి పైకప్పునకు చందా అడుగుదుము. ఆయన విద్యలో ఒక్క అణువైనను అడుగము. చందా యిచ్చి ఆయన వెళ్లిపోవును, ఆ పెద్ద ముంతలోని నీరు మనకు ఒక్క గ్రుక్కెడైనను దొరకలేదు.

మన సంఘములనుండి ఆ వీధులకు పోయిన బిడ్డల పేర్లు, వారు వ్రాయు పరీక్షలు, ఎన్నవ సంవత్సరమో, ప్రతి సంఘపు పెద్దలు ఒక కాగితముమీద వ్రాసియుంచుట మంచిది. నారాయణగూడలో బాప్తిస్టు సంఘము కలదు. అశోక్ నగర్‌కు చెంతనే, దిగువ ట్యాంక్‌బండ్ దారిలో ఆంధ్ర క్రైస్తవ వేదాంత కళాశాల కలదు. అది 1964లో రాజమండ్రిలో ఆరంభమై పిమ్మట హైదరాబాదునకు తరలివచ్చినది, మన పాస్టరులలో అనేకులు అక్కడ చదివినవారే. ఆ ప్రాంతమున విరమించిన అధ్యాపకులెవరెవరున్నారో విచారించుట వారికి కష్టము కాదు. ఏ మతమువారైనను సరే, గణితమునకు మతము లేదు. బిడ్డ ఊరికి వచ్చినప్పుడు మార్కులెన్ని అని అడుగుటకు ముందు, అక్కడ నీ వ్రాతను చదువు పెద్దవారెవరైన ఉన్నారా అని అడుగుడు. లేరని చెప్పినచో, ఈసారి పోవునప్పుడు వాని చేతికి రెండు పేర్లు, రెండు ఇండ్ల ఆనవాళ్లు వ్రాసి యిచ్చి పంపుడు. ఇంట పండిన పెసలో, మామిడిపండ్లో సంచిలో పెట్టి పంపుట మరువకుడు, వట్టి చేతులతో పెద్దల యింటికి పోవుట మన వాడుక కాదు.